దమ్ము తీసుకునే జాగ

"సొంత స్టైల్" అనే మాట వింటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు ఆ మాట కోసం తిండీ నిద్రా మానుకున్న మనిషినే నేను. గిటార్ ఎవరి దగ్గర నేర్చుకున్నా సరే, చివరికి మన చేతికి మన దారి దొరకాలనీ, దొరికేదాకా నేర్పినవాళ్ల నీడలో బతకడం తప్పదనీ ఇరవై ఏళ్ల వయసులో గట్టిగా నమ్మాను. నమ్మి ఊరుకున్నానా? అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకుంటూ తిరిగాను. అదీ నా బుద్ధి. ఇప్పుడు రాస్తున్నది ఆ గొప్పల సంగతి కాదు. ఆ పిచ్చిలో నాకు నేర్పిన మనిషికి నేను చేసిన అన్యాయం సంగతి.

సిద్దిపేట పాత బస్టాండు వెనుక గల్లీలో సార్‌కు హార్మోనియాలు బాగుచేసే దుకాణం ఉండేది. లోపల ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు గడప మీద కూర్చోవాలి, అంత చిన్న దుకాణం. బల్ల మీద ఎప్పుడూ రెండు మూడు పెట్టెలు విప్పి ఉండేవి. జిగురు వాసన, పాత చెక్క వాసన, పక్క హోటల్ నుంచి వచ్చే ఇరానీ చాయ్ వాసన కలిసిపోయి ఉండేవి. హార్మోనియం పని ఆయనకు వాళ్ల నాయన దగ్గర వచ్చింది. గిటార్ మాత్రం ఎవరూ నేర్పలేదు. ఎవరో కాలేజీ పిల్లగాడు మెడ విరిగిన గిటార్ ఒకటి బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాలేదట. ఏడాదంతా చూసి, ఇక రాడని తేల్చుకుని, ఆయనే దాన్ని అతికించి ఒళ్లో పెట్టుకున్నారు. అలా మొదలైంది ఆయన గిటార్.

మా బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. నడుము పట్టేశాక చెట్లు మానేసి ఇంటి ముందు చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి భజన. ప్రతి శనివారం ఒక్కొక్కరి ఇంట్లో భజన జరిగేది. పదిమంది పెద్దవాళ్లు, ఒక డోలక్, చేతి తాళాలు, సార్ బాగుచేసి ఇచ్చిన హార్మోనియం, మూలన గిటార్ పట్టుకుని సార్. సాయిబు భజనకు వచ్చాడేమిటని కొత్తవాళ్లెవరైనా గుసగుసలాడితే బాపు ఊరుకునేవాడు కాదు. "పెట్టె బాగుజేసేది ఆయన, పాట నిలవెట్టేది ఆయన. ఆయన రాకుంటే మీరొచ్చి నిలవెడ్తరా?" అనేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు తిత్తి చినిగిన హార్మోనియం మోసుకుని బాపు వెంట ఆ దుకాణానికి వెళ్లాను. బాపు పాడే పాట ఒకదానిలో ఏదో అనుమానం వస్తే సార్ పని ఆపి, గిటార్ తీసి, ఆ పాట మొదటి నుంచి చివరిదాకా వాయించి చూపించారు. నేను గడప మీద కూర్చుని విన్నాను. లేచేటప్పటికి కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. "నాకు గుడ నేర్పుతరా సార్?" అని అడిగాను. ఆయన నా ఎడమచేయి పట్టుకుని వేళ్లు చాపి చూశారు. "చిన్న చెయ్యి. గని ఏం కాదు, రేపటిసంది రా బిడ్డా," అన్నారు.

ఆయన పద్ధతి ఒక్కటే. ఆయన వాయిస్తారు, మనం అచ్చం అలాగే వాయించాలి. పుస్తకం లేదు, రాసుకోవడం లేదు. ఫోన్‌లో రికార్డు చేసుకుంటానంటే అసలే ఒప్పుకునేవారు కాదు. "ఫోన్ల వట్టుకుంటే ఫోనుకు వస్తది, నీకు రాదు," అనేవారు. ఒక లైను ఆయన లెక్క, అంటే అచ్చం ఆయనలాగే, వచ్చేదాకా రెండో లైను మాటే లేదు. ఆయన వేలు తీగ మీద చిన్నగా జారితే నా వేలూ అంతే జారాలి. ఆయన బొటనవేలితో మీటిన చోట నేను వేరే వేలు వాడితే దుకాణంలోంచి లేచి బయటికి వెళ్లి నిలబడేవారు. తిట్టేవారు కాదు, అలా నిలబడేవారు. తిట్టినా బాగుండేదనిపించేది. నాతో పాటు చేరిన ఏడెనిమిది మంది సినిమా పాట ఎప్పుడు నేర్పుతారని అడిగి అడిగి, మూడు నెలలు తిరగకుండానే మానేశారు. నేను మొండిదాన్ని. ఆరేళ్లు ఉన్నాను.

పాటలో లైను పూర్తయ్యే చోట ఆయన చెయ్యి ఆగేది. తాళం లెక్క ప్రకారం అక్కడ అంతసేపు ఆగనవసరం లేదు. లెక్క కంటే కొంచెం ఎక్కువ. ఎంత ఎక్కువ అంటే చెప్పలేను, అదే ఇప్పుడు నా బాధ. "గిది దమ్ము తీసుకునే జాగ," అనేవారాయన. "పాడెటోడు ముసలోడు. వాడు ఊపిరి తీస్కోవాలె. నువ్వు కొట్టుకుంట ఉరికితే వాడెట్ల పాడుతడు? జాగ ఇడువు." సరే, భజనలో పెద్దవాళ్ల కోసం ఆగారంటే అర్థముంది. కానీ మధ్యాహ్నం పూట దుకాణంలో ఒక్కరే కూర్చుని, పాడేవాళ్లు ఎవరూ లేకుండా వాయించుకుంటున్నప్పుడు కూడా ఆయన ఆగేవారు. ఆ ఆగిన చోట నిజంగానే ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేది. ఒక్కోసారి ఆ చోటు కోసమే పాట వినాలనిపించేది. అప్పుడు నాకది గొప్పగా తోచలేదు. లోకంలో అందరూ అలాగే వాయిస్తారనుకున్నాను.

మా గిటార్ల శ్రుతి కూడా ఆ భజన హార్మోనియం ప్రకారమే. దాని మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుని మొదటి తీగ సరిచేసుకోవాలి, మిగతా ఐదూ దాన్నిబట్టి. ఆరేళ్లలో ఇంకో వాయిద్యం పక్కన పెట్టి చూసుకునే అవసరం నాకు రాలేదు.

ఐదో ఏడు వచ్చేసరికి నా చేయి ఆయన చేయి అయిపోయింది. "కండ్లు మూసుకుంటే సార్ ఎవలో బిడ్డ ఎవలో తెలుస్తలేదు," అని బాపు వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోయేవాడు. మొదట్లో నాకూ గర్వంగా ఉండేది. డిగ్రీలో చేరాక అదే మాట తిట్టులా వినిపించడం మొదలైంది. చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో ఎక్కడెక్కడివాళ్లో గిటార్‌ను గాలిలో ఎగరేసి మరీ వాయిస్తున్నారు. నేనేమో పదిమంది ముసలివాళ్ల వెనుక కూర్చుని వాళ్ల ఊపిరి కోసం ఎదురుచూస్తున్నాను.

ఒకరోజు దుకాణంలో అడిగేశాను. "నేనెప్పుడు నా లెక్క కొట్టాలె సార్?"

"ముందుగాల నా లెక్క కొట్టుడు రానీ."

"మీకు ఎవలు నేర్పిన్రు? ఎవ్వలు నేర్పలే గద. మీరు సొంతంగనే కొట్టుకున్నరు. మరి నన్నెందుకు ఆపుతున్నరు?"

కోప్పడతారనుకున్నాను. ఆయన చేతిలో ఉన్న చిన్న ఆకురాయిని పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "నిజమే బిడ్డా, ఎవ్వలు నేర్పలే. గందుకే ఇరవై ఏండ్లు వట్టింది. ఆ ఇరవై ఏండ్లు నీకు తప్పిద్దామని చూస్తున్న," అన్నారు.  ఎదుటివాళ్ల మాట నిజమైనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది.

ఆ తర్వాతి శనివారం సార్‌కు జలుబు చేసింది. భజనలో నన్నే వాయించమని తాను పక్కన కూర్చున్నారు. బాపు పాట ఎత్తుకున్నాడు. మొదటి లైను చివర, ఆగాల్సిన చోట నేను ఆగలేదు. ఇంట్లో వారం రోజులు కూర్చుని తయారుచేసుకున్న నా సొంత ముక్క ఒకటి, పై తీగల మీద గబగబా దిగే పది పన్నెండు స్వరాలు, అక్కడ పెట్టాను. బాపు రెండో లైను ఎత్తుకోబోయి, నా ముక్క అయ్యేదాకా నోరు తెరుచుకుని ఆగాడు. రెండో లైను చివర మళ్లీ పెట్టాను. బాపుకు దగ్గు వచ్చింది. మూడోసారి సార్ చెయ్యి చాచి అరచేతిని నా తీగల మీద ఆనించారు. గిటార్ మూగబోయింది.

"పాట మీ బాపుది బిడ్డా. నువ్వు పక్కపొంటి ఉండు," అన్నారు.

గట్టిగా కూడా అనలేదు. కానీ పదిమందీ విన్నారు. ఒకరిద్దరు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మరునాటి నుంచి దుకాణానికి వెళ్లలేదు. నాలుగు రోజులకు "బిడ్డను రమ్మను" అని బాపుతో కబురు పంపారు. ఇంకో వారానికి "అలిగితే అలిగింది గని గిటార్ ఇడువొద్దని చెప్పు" అన్నారట. నేను కాలేజీకి ఆ గల్లీ తప్పించి చుట్టూ తిరిగి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. బాపు రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే పని దొరికింది. ఆదివారాలు హైదరాబాద్‌లో గిటార్ క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టాను. పొద్దున్నే బస్సు, ప్రజ్ఞాపూర్‌లో ఆగినప్పుడు ఒక చాయ్, జూబ్లీ బస్టాండులో దిగి ఇంకో బస్సు. అక్కడ నేర్పే ఆయన నాకంటే నాలుగైదేళ్లే పెద్ద. మొదటి రోజు ఎనిమిది మందిని వరుసగా కూర్చోబెట్టి అందరినీ ఒకే ముక్క వాయించమన్నారు. నేను మొదటిసారి మీటగానే ఏడుగురూ నా వైపు తిరిగారు. వాళ్లందరిదీ ఒక శ్రుతి, నా ఒక్కదానిదీ ఒక శ్రుతి. ఆయన ఫోన్ తీసి నా తీగల దగ్గర పెట్టి చూశారు. ఆరు తీగలూ ఒకే కొలతతో కిందికి ఉన్నాయి.

"శ్రుతి తప్పిన గిటార్‌లు చాలా చూశాను గానీ, ఇంత శ్రద్ధగా తప్పించినదాన్ని ఇప్పుడే చూస్తున్నాను," అని నవ్వారు. అందరూ నవ్వారు. లోపల పళ్లు కొరుక్కుంటూ నేనూ నవ్వాను. ఇలా ఎవరు అలవాటు చేశారని అడిగితే, "మా ఊళ్లో హార్మోనియంలు రిపేరు చేసే ఒకాయన," అన్నాను. సార్ అనలేదు. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా సార్‌ను తిట్టుకున్నాను. సొంత హార్మోనియం తప్పుగా ఉందని కూడా తెలియని మనిషి నన్ను పదిమందిలో ఆపాడే అని.

ఇక చెయ్యి మార్చుకునే పని మొదలైంది. టిక్కు టిక్కుమని కొట్టే యంత్రం ముందు కూర్చుని వాయించాలి. లైను చివరికి వచ్చేసరికి నేను ఆగేదాన్ని, టిక్కు ముందుకు పోయేది. "టైమ్ పోతోంది మేడమ్," అనేవారు కొత్త సార్. ఆయనను తప్పు పట్టను. ఆయన నేర్పింది ఎక్కడైనా నేర్పేదే, అది రాకపోతే నాకు ముందు ముందు పని దొరికేది కాదు. ఆయన ఆ ఒక్క ఆగడం సరిచేసుకోమన్నారు, అంతే. పాత చేతినంతా కడిగేసుకున్నది నేను. సార్ నేర్పిన పాటలు ఇంట్లో కూడా ముట్టుకోలేదు, చెయ్యి మళ్లీ పాడవుతుందని. మూడేళ్లకు టిక్కు నన్ను దాటిపోవడం మానేసింది.

సిద్దిపేటలో, హుస్నాబాద్‌లో పల్లె పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే చిన్న చిన్న స్టూడియోలు చాలా ఉన్నాయి. వాళ్లు పిలవడం మొదలుపెట్టారు. లైను అయిపోయిన ప్రతి చోటా నా ముక్క ఒకటి ఉండేది, ఒక్కోసారి ఒక్కో రకంగా. "మేడమ్ గిటార్ వట్టిందంటే పాటల సందు దొరుకది," అనేవాడు ఒక స్టూడియో ఆయన, మెచ్చుకుంటూ. సందు లేకపోవడమే నా స్టైల్ అయింది. నాకు కావలసింది దొరికిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో చాలా సంతోషంగా ఉన్నాను.

ఒక సాయంత్రం బాపు దుకాణం తొందరగా కట్టేసి వచ్చి, "నాదొక పాట గుడ నీ గిటార్ మీద ఎక్కిద్దామా?" అని అడిగాడు. ఎన్నాళ్లనుంచి అడగాలనుకుంటున్నాడో తెలియదు, మొహం కడుక్కుని కొత్త కండువా కూడా వేసుకున్నాడు. మూడు లైన్లు పాడి ఆపేశాడు. రొప్పుతున్నాడు.

"నీతోని పాడితే బస్సెనుక ఉరికినట్టున్నది బిడ్డా," అన్నాడు, నవ్వుతూనే.

నేను నవ్వలేదు. "నువ్వే తాళం తప్పుతున్నవ్ బాపూ. ఆ సార్ మీ అందరికి గట్ల అలవాటు చేసిండు. ఆయన హార్మోనియమే తప్పుండె. గది గుడ తెలువది ఆయనకు."

బాపు నవ్వు ఆపేశాడు. "తెలువకనా? ముసలోళ్ల గొంతు పైకి అందుతలేదని మేమే అడిగితిమి. రెండు నెలలు కూసోని ఒక్కొక్క రీడు గీకి గీకి కిందికి దించిండు. గది మా గొంతులకు కుట్టిన పెట్టె," అన్నాడు. కండువా తీసి భుజం మీద మడిచి వేసుకుని లేచాడు. మళ్లీ నా దగ్గర పాడతానని ఎప్పుడూ అడగలేదు.

 తప్పు శ్రుతి కథ చెప్పి హైదరాబాద్‌లో ఎంతమందిని నవ్వించానో నాకే తెలుసు. మరునాడే వెళ్లి సార్‌ను కలవాలనుకున్నాను. ఎనిమిదేళ్ల తర్వాత ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? ఏమని మొదలుపెట్టాలి? రేపు, వచ్చే వారం, పరీక్షలు అయ్యాక, అనుకుంటూ ఇంకో ఏడాదిన్నర గడిపేశాను. ఉన్నది ఊరిలోనే. నడిస్తే పావుగంట దారి.

పోయిన ఎండాకాలంలో సార్ భార్య ఫోన్ చేసింది. నేను ఆమెను చాచి అని పిలిచేదాన్ని. "సార్‌కు పక్షవాతం వచ్చింది బిడ్డా. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినయ్. పది దినాలు దవాఖానల ఉండి వచ్చినం. నిన్ను అడుగుతుండు. గిటార్ తీస్కొని రమ్మంటుండు," అంది.

ఇల్లు దుకాణం వెనుకే. దుకాణం షట్టర్ మీద దుమ్ము పేరుకుని ఉంది. సార్ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది గానీ మనిషి తేటగా ఉన్నారు. దారంతా క్షమించమని అడిగే మాటలు పేర్చుకుంటూ వెళ్లాను. ఆయన నన్ను చూసి, "పెద్దదానివైనవ్ గద," అని నవ్వేసరికి ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన పాత సంగతి ఎత్తనేలేదు.

"నా చెయ్యి అయిపోయింది బిడ్డా," అన్నారు, కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంటూ. "నేను కొట్టింది ఏడ లేదు. ఫోన్ల లేదు, క్యాసెట్ల లేదు. నేనే పట్టుకోనియ్యకపోతి. భజనల ఎవలో తీసిన వీడియో ఉన్నది, దాంట్ల తాళాలే ఇనవడ్తయ్. ఇంకెవ్వలు నిలవడి నేర్సుకోలే. నీ ఒక్కదాని చేతిల ఉన్నది. నేను కొట్టినట్టు ఒక్కపారి కొట్టు, ఇనాలని ఉన్నది."

కళ్లు మూసుకున్నారు. నేను బాపు పాడే పాట మొదలుపెట్టాను. మొదటి లైను బాగానే వచ్చింది. చివర ఆగాలని తెలుసు కాబట్టి ఆగాను. మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టి మళ్లీ ఎత్తుకున్నాను. ఆయన మొహంలో ఏమీ కదలలేదు. రెండో లైను చివర నేను చూసుకునేలోపే వేళ్లు పై తీగల మీదికి వెళ్లి నా ముక్క వేసేశాయి. ఆయన కళ్లు తెరిచారు.

"గది కాదు," అన్నారు.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ముక్క వేయలేదు, రెండు చోట్లా ఆగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "గడియారం ఆగినట్టున్నది బిడ్డా. మనిషి ఆగినట్టు లేదు." కుడిచెయ్యి చాచి, "ఇటు రా. ఎడమ చెయ్యి నీది పెట్టు, కుడి చెయ్యి నేను పెడ్త," అన్నారు.

మంచం అంచున కూర్చున్నాను. గిటార్ సగం ఆయన ఒళ్లో, సగం నా ఒళ్లో. ఆయన బొటనవేలితో మొదటి తీగ మీటారు. పదేళ్ల తర్వాత అదే చెయ్యి, నా పక్కనే. లైను చివరికి వచ్చాం. ఆయన కుడిచెయ్యి ఆగింది. నా ఎడమచెయ్యి ఆగలేదు. తర్వాతి పట్టుకు జరిగిపోయింది. సరిగ్గా ఏ చప్పుడూ ఉండకూడని చోట నా వేళ్లు తీగల మీద కీచుమన్నాయి.

"ఆగు," అన్నారు. మళ్లీ మొదటి నుంచి వచ్చాం. మళ్లీ అంతే. "ఆగు బిడ్డా, ఇంక కాలే." ఆయన చేతినే చూస్తూ కూర్చుంటే నా వేళ్లు ఆలస్యమవుతున్నాయి, చూడకపోతే ముందే ఉరుకుతున్నాయి. ఐదారుసార్లు చేశాం. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. తలుపు దగ్గర నిలబడ్డ చాచి, "ఇగ చాలు," అంది.

సార్ గిటార్ మీద నుంచి చెయ్యి తీశారు. "నేను పోయినా గిది నీ చేతిల ఉంటదనుకున్న బిడ్డా," అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే తట్టుకునేదాన్నేమో. 

"వస్తది సార్. మర్శిపోలే. జర సాధన చెయ్యాలె, గంతే. వచ్చే ఐతారం వచ్చి కొడ్త," అన్నాను.

"వస్తదా?"

"వస్తది సార్."

"సరే. ఐతారం రా," అన్నారు.

ఆ వారమంతా బడి నుంచి రాగానే గిటార్ పట్టుకున్నాను. బాపును బతిమాలి ఎదురుగా కూర్చోబెట్టి పాడించుకున్నాను, ఆయన ఊపిరి తీసుకునే చోట ఆగుదామని. ఎక్కడ నా ముక్క మీద పడుతుందోనని ఆయన బెదురుతూ పాడాడు. ముక్క వేయడం మానగలిగాను. ఆగడమూ చేతనైంది. కానీ సార్ ఆగితే ఆ చోట పాట ఇంకా నడుస్తూనే ఉండేది. నేను ఆగితే పాట కూడా ఆగిపోతోంది. ఆదివారం వచ్చింది. ఇలా సగం వచ్చినదాన్ని పట్టుకుని ఆయన ముందు ఎలా కూర్చోవాలి? బడిలో పని ఉందని, వచ్చే వారం వస్తానని చాచికి ఫోన్ చేశాను. పనీ లేదు, ఏమీ లేదు. రెండో ఆదివారం జ్వరమని చెప్పాను. మూడో ఆదివారం ఫోన్ కూడా చేయలేదు. పూర్తిగా వచ్చాకే వెళ్లాలి, ఆయన కళ్లు మూసుకుని విని "గదే" అనాలి. ఆ ఒక్క మాట మీదే పట్టుబట్టి కూర్చున్నాను. మంచం మీద ఉన్న మనిషి దగ్గర కూడా నా పొగరు నాకు తగ్గలేదు.

నాలుగో ఆదివారం కూడా అలాగే పోయింది. బుధవారం పొద్దున బాపు బడి దాకా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ బడికి రాడు. సార్‌కు మళ్లీ పక్షవాతం వచ్చిందని, దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందని చెప్పాడు.

మూడో రోజు చాచిని చూడటానికి వెళ్లాను. గది నిండా ఆడవాళ్లున్నారు. ఆమె జరిగి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.  నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

"ఐతారం అయిందంటే పొద్దుగాల్నే లేపుమంటుండె. గడ్డం గీపిచ్చుకుంటుండె. అంగి మార్చుమంటుండె. కుర్చీ దర్వాజ దిక్కు తిప్పిచ్చుకోని కూసుంటుండె, బిడ్డ వస్తదని. మొన్నటి ఐతారం గుడ పొద్దుగూకేదాక గట్లనే కూసున్నడు."

"నాకు చాతకాలే చాచీ," అన్నాను. ఇక దాచుకునే ఓపిక లేదు. "ఎంత చేసినా సార్ లెక్క వస్తలేదు. రాలేదని చెప్పే ధైర్యం లేక నేను రాకపోయిన. కొడ్తనని మాటిస్తిని గద."

చాచి నా మొహం వైపు వింతగా చూసింది.

"నీకు వస్తలేదని ఆయనకు ఆ దినమే ఎర్క బిడ్డా. నువ్వు అటు పోంగనే నాతోని చెప్పిండు. మల్ల మొదటిసంది నేర్పుత, ఒక్క చెయ్యితోనైనా నేర్పుత అన్నడు. గందుకే కూసున్నడు."